రెండు వందల గజాల్లో ఏ ఇల్లు: డాబానా, మండువానా, వాలు కప్పా, ఎర్ర ఇటుకా?

స్థలం రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు అప్పు మంజూరైంది, శంకుస్థాపనకు ముహూర్తమూ కుదిరింది. తేలనిది ఒక్కటే, ఏ రకం ఇల్లు? ఇంట్లో పెద్దావిడకు పుట్టింటి మండువా, అంటే ఇంటి మధ్యలో ఆకాశానికి తెరిచిన వాకిలి కావాలి. కొడుక్కి గాజు పలకలు, నల్ల గీతలు ఉన్న కొత్త రకం డూప్లెక్స్ కావాలి. కోడలు ఒక కేరళ ఇంటి ఫొటోను ఫోనులో దాచుకుంది. మేస్త్రీ మాత్రం "అందరూ కట్టినట్టే కట్టేద్దామండీ, ఆఖర్న ఎలివేషన్ చూసుకుందాం" అంటాడు. చాలా ఇళ్లలో చివరికి నెగ్గేది మేస్త్రీ మాటే. అందులో తప్పు లేదు. కాకపోతే ఆ ఎలివేషన్‌కు, అంటే ఇంటి ముందు గోడ సింగారానికి పోసే డబ్బుతో అంతకంటే పనికొచ్చేవి ఏం చేయించుకోవచ్చో తెలిసి నెగ్గనివ్వాలి.

ఇక్కడ లెక్కల కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోని ఏదో ఒక పట్నంలో 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న స్థలం తీసుకుంటున్నాను. అంటే 1,800 చదరపు అడుగులు, 200 గజాలు. మధ్యతరగతి సొంతింటి కల ఎక్కువగా ఈ కొలతకు అటూ ఇటూగానే ఉంటుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఎండ ఎటు నుంచి వస్తుంది. విజయవాడలో మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మిట్టమధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. హైదరాబాదు, విశాఖ, అనంతపురాల్లో తేదీలు కొన్ని రోజులు మారతాయి తప్ప సంగతి అదే. కాబట్టి మన వేసవిలో ఇంటిని కాల్చేది మొదట పైకప్పు, తర్వాత పడమటి గోడ, ఆ తర్వాత తూర్పు గోడ. ఎండ నిటారుగా పడే ఆ నెలల్లో దక్షిణపు గోడకు రెండడుగుల సజ్జ ఉంటే చాలు. ఇల్లు ఎలా కనబడాలన్న చర్చకు ముందు దీన్ని కాగితం మీద రాసుకోవాలి. ఏ తరహా ఇల్లు చూసినా ముందు దాని నెత్తి, ఆ తర్వాత దాని పడమర ఎలా ఉన్నాయో చూడండి.

మీ ఊరి గాలి పొడిదా, ఉక్కదా. సీమలోనూ, తెలంగాణలో చాలా చోట్లా పగలు మాడినా రాత్రికి గాలి కొంత చల్లబడుతుంది. మందపాటి గోడలు అక్కడ పనిచేస్తాయి. కోస్తాలో రాత్రీ ఉక్కే. అక్కడ కావాల్సింది నీడ, ఎదురెదురు కిటికీల మధ్య గాలి. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గోదావరి జిల్లాల్లో దానికి రెట్టింపు పడుతుంది. ఒకే నమూనా ఇల్లు రెండు చోట్లా ఒకేలా నప్పదు.

పైన ఇంకో అంతస్తు వేస్తారా. మన పట్నాల్లో ఏ వీధిలో నిలబడి చూసినా పిట్టగోడల పైన తుప్పు పట్టిన ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తూ ఉంటాయి. రెండో కొడుకు కోసమో, అద్దె వాటా కోసమో వదిలినవి. చాలావాటి మీద ఇరవై ఏళ్లయినా స్తంభం లేవదు. అయినా ఆ అవకాశాన్ని వదులుకోవడానికి ఎవరికీ మనసు రాదు. వాలు కప్పు వేయడమంటే దాన్ని వదులుకోవడమే. ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం చర్చ అక్కడే తేలిపోతుంది.

నియమాలు ఎంత వదలమంటాయి. రోడ్డు వెడల్పు, స్థలం కొలతలను బట్టి నాలుగు వైపులా ఖాళీ వదలాలి. ముందు ఐదడుగులు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున అనుకుందాం. మిగిలేది సుమారు 23 అడుగుల వెడల్పు, 51 అడుగుల పొడవు. అంతస్తుకు 1,200 చదరపు అడుగులు. మండువా ఆశలను తేల్చేది ఈ 23 అడుగులే.

ఎవరు చూసుకుంటారు. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి, ఇంట్లో డెబ్బై ఏళ్లవాళ్లు ఇద్దరే ఉంటే, ఏటా పెంకు సర్దించుకోవాల్సిన ఇల్లు వాళ్లకు భారమే.

ఇక "మన ఇల్లు" అనిపించడం సంగతి. తెలుగు ఇల్లు అని ఒకే నమూనా ఎప్పుడూ లేదు. గోదావరి, కృష్ణా తీరాల్లో మండువా లోగిలి, తెలంగాణలో భవంతి, సీమలో దూలాలపై బండలు పరిచి చవుడు మట్టి కప్పిన మిద్దె, ఉత్తరాంధ్రలో గాలివానకు తలవంచే చుట్టిల్లు. ప్రకటనల్లో సంప్రదాయ తెలుగు ఇల్లు పేరుతో అమ్మేదానిలో సాధారణంగా తమిళనాడులోని కారైకుడి నుంచి తెచ్చిన స్తంభాలు, కేరళ కప్పు, రాజస్థానీ జాలీ ఉంటాయి. వాటిలో అందానికి లోటు లేదు. కానీ వాటికి మన ఊరి ఎండ తెలియదు.

## డాబా ఇల్లు, దానికో ఎలివేషన్

డాబాను వెక్కిరించడం తేలిక. దాని చరిత్ర గుర్తుంచుకుని మాట్లాడాలి. 1982లో సిమెంటుపై నియంత్రణ కొంత సడలి, 1989లో పూర్తిగా పోయాకే స్లాబు మధ్యతరగతికి మామూలు సంగతి అయింది. అంతకు ముందే, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మట్టిగోడలనూ తాటాకు కప్పులనూ ఊడ్చేసింది. తీరంలో స్లాబు అంటే ప్రాణం కాపాడే ఎత్తు. అందుకే తుపాను రక్షణ భవనాలనూ కాంక్రీటుతోనే కట్టారు. పైగా సున్నపురాయి నల్గొండ, పల్నాడు, కడప, కర్నూలు నేలల్లోనే ఉంది, సిమెంటు కర్మాగారాలూ అక్కడే ఉన్నాయి. సిమెంటు పరాయి సరుకు, పెంకు మన సరుకు అనే వాదన ఇక్కడ నిలవదు.

డాబా లాభాలు అందరికీ తెలిసినవే. పైకి కట్టుకోవచ్చు. బ్యాంకు, మేస్త్రీ, సెంట్రింగ్ వాళ్లు, అద్దెకొచ్చేవాళ్లు అందరికీ అర్థమైన ఇల్లు. వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకోవచ్చు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సౌర పలకలకు 78,000 రూపాయల రాయితీ ఉంది. వాటికి దాదాపు 300 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. చదును డాబా మీద అది సులువుగా దొరుకుతుంది.

నష్టం ఒక్కటే, కానీ పెద్దది. ఐదంగుళాల స్లాబు పగలంతా వేడి తాగి రాత్రంతా కక్కుతుంది. రోహిణి కార్తెలో రాత్రి పదింటికి అటక మీది దుప్పటి దించి చూడండి, ఇస్త్రీ చేసినంత వెచ్చగా ఉంటుంది. ఆ అటకకు నాలుగడుగుల కిందే మంచం. ఏసీ ముందుగా చల్లబరచాల్సింది గదిలోని గాలిని కాదు, ఆ స్లాబును.

ఇప్పుడు ఎలివేషన్ ఖర్చు ఎక్కడికి పోతోందో చూడండి. అల్యూమినియం పలకలు, రాతిని పోలిన టైల్సు, గాజు పిట్టగోడ, రాత్రి వెలిగే గీతల దీపాలు, అన్నీ రోడ్డు వైపు గోడకే. ఆ గోడ పడమటిదైతే గాజు వెనక ఉన్న గది సాయంత్రం నాలుగు దాటాక ఎవరూ కూర్చోలేనిది అవుతుంది. విశాఖలాంటి చోట గాజు గురించి ఇంకోసారి ఆలోచించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దెబ్బకు విమానాశ్రయం పైకప్పే ఆగలేదు.

నా సలహా, డాబాయే కట్టండి, కానీ ఎలివేషన్ డబ్బులో సగం నెత్తి మీదికి మళ్లించండి. స్లాబు పైన తెల్లని చలువ టైల్సు లేదా కనీసం తెల్ల పూత. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానమే తెచ్చింది, అందులో కీలకం ఇదే. ఇంకొంచెం పెట్టగలిగితే స్లాబు మీద సగం భాగానికి ఇనుప చట్రంపై పెంకో, రేకో వేసి నీడ కల్పించండి. మిగతా సగం వడియాలకూ సౌర పలకలకూ వదిలేయండి. స్లాబుకూ ఆ కప్పుకూ మధ్య గాలి ఆడుతుంది కాబట్టి కింది గది తేడా మొదటి వేసవిలోనే తెలుస్తుంది. అయితే ఆ చట్రాన్ని అదనపు అంతస్తుగా లెక్కిస్తారేమో పురపాలక కార్యాలయంలో ముందే అడగండి.

## మండువా: ఆశకూ కొలతకూ మధ్య

పాత మండువా ఎలా పనిచేసేదో గమనిస్తే కొత్త మండువాలు ఎందుకు విఫలమవుతున్నాయో అర్థమవుతుంది. పాత వీధుల్లో చాలాచోట్ల ఇంటి గోడకు ఇంటి గోడ ఆనుకునేది. వెలుతురుకూ గాలికీ దారి మధ్యలోనే. నాలుగు వైపుల నుంచి పెంకు కప్పు లోపలికి వాలి, దాని చూరు దాదాపు తలకు తగిలేంత కిందికి దిగేది. నడినెత్తి ఎండలో నేల మీద పడే వెలుగు ముక్క చిన్నది, చుట్టూ నీడ పెద్దది. ఒకే అంతస్తు, లేదా పైన అటక.

ఇప్పుడు నియమాలు ఖాళీని ఇంటి చుట్టూ పరుస్తున్నాయి. మధ్యలో వదలడానికి మిగలనివ్వడం లేదు. 23 అడుగుల వెడల్పులో 8 అడుగుల మండువా, రెండు పక్కలా మూడేసి అడుగుల నడవ తీస్తే గదులకు మిగిలేది 9 అడుగులు. పక్కకు నాలుగున్నర! మంచం పట్టదు. అందుకే 200 గజాల్లో నాలుగు వైపులా తిరిగే మండువాను ఎవరైనా గీసి ఇస్తే ఆ పటంలో గది కొలతలు చదవండి.

రెండంతస్తులు వేస్తే మరో చిక్కు. 8 అడుగుల తెరపి చుట్టూ 20 అడుగుల గోడలు లేస్తాయి. డిసెంబరులో మధ్యాహ్నపు సూర్యుడు మన దగ్గర 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఆ వెలుగు తొమ్మిదిన్నర అడుగులు మాత్రమే కిందికి దిగుతుంది. పై అంతస్తుకు ఎండ, కింద చలికాలమంతా చెమ్మ. మేలో మాత్రం నేరుగా నేల మీదికే దిగుతుంది, అడ్డుకునే చూరు లేదు కాబట్టి. పాత మండువా ఇచ్చినదానికి ఇది సరిగ్గా తలకిందులు.

మరి ఆశ వదులుకోవాలా? అక్కర్లేదు. మండువాను మధ్య నుంచి పక్కకు జరపండి. తూర్పో ఉత్తరమో, పక్క ఖాళీ ఉన్న వైపున ఇంటిని 8 అడుగులు లోపలికి నొక్కండి, 12 అడుగుల పొడవున. వదలాల్సిన మీటరు ఖాళీ దీనికి కలిసి 11 అడుగుల తెరపి దొరుకుతుంది. దాని వెంట మూడున్నర అడుగుల నడవ, ఆ పక్కన గోడల మందం పోను దాదాపు పదిన్నర అడుగుల గది. ఆకాశం కనబడుతుంది, తులసికోట పడుతుంది, వంటింటికి వెలుతురు వస్తుంది. ఉత్తరం, తూర్పు వైపు ఎక్కువ ఖాళీ అన్నారంటే వాస్తు సిద్ధాంతికీ పేచీ ఉండదు. దీనికి మీరిచ్చే ధర అంతస్తుకు 96 చదరపు అడుగులు, రెండంతస్తులకు 192. ఒక పడకగది, దాని స్నానాలగది వదులుకున్నట్టే. ఆ గది అవసరమా, ఈ తెరపి అవసరమా అన్నది ఇంట్లో నలుగురూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

మండువా కట్టేవాళ్లు మూడు సంగతులు ముందే చూసుకోవాలి. ఒకటి నీళ్లు. వెయ్యి చదరపు అడుగుల కప్పు లోపలికి వాలితే, గంటకు 5 సెంటీమీటర్ల వానలో దాదాపు 4,600 లీటర్లు మీ ఇంటి నడిమధ్యకు వస్తాయి. ఒక గొట్టం ఆకులతో పూడుకుంటే రెండోది ఉండాలి. రెండూ ఇంకుడు గుంతలోకి పోవాలి. రెండోది కోతులు, దొంగలు, దోమలు. పైన ఇనుప కమ్మీలు, వాటి కింద దోమతెర తప్పవు, చూపులకు బాగుండకపోయినా సరే. మూడోది, ఇవన్నీ భరించలేక రెండో ఏడాది పైన పారదర్శక ప్లాస్టిక్ రేకు బిగించడం. అది బిగించిన క్షణం మండువా పోయి పొయ్యి మిగులుతుంది. రేకు తప్పదనుకుంటే గోడల కంటే రెండడుగులు ఎత్తులో, నాలుగు పక్కలా తెరిచి పెట్టించండి. వేడిగాలికి పోయే దారి ఉండాలి.

స్తంభాల గురించి ఒక మాట. స్లాబును మోసేది లోపలి కాంక్రీటు స్తంభం, దాని ముందు ఏమీ మోయని టేకు స్తంభం. ఇది ఖరీదైన అలంకారం. అదే డబ్బుకు కలప అడితిలో పాత ఇళ్లు విప్పిన ద్వారబంధాలు, తలుపులు, కిటికీలు వెతకండి. యాభై అరవై ఏళ్లు ఆరిన టేకు ఇక వంకర పోదు. చెదలు, పుచ్చు ఉన్నాయేమో ఉలితో అంచు గీకి చూసి కొనండి.

## వాలు కప్పు, కేరళ తరహా

కేరళలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. అక్కడ కప్పు వాలకపోతే ఇల్లు కారుతుంది. కోనసీమలో, ఉత్తరాంధ్ర కొండ ఊళ్లలో వాలుకు అర్థముంది. కర్నూలులో అదే కప్పు వేషమే.

ఇక్కడ రెండు రకాల పనులు జరుగుతున్నాయి, వాటిని కలిపేయకూడదు. ఒకటి స్లాబునే ఏటవాలుగా పోసి దానికి పెంకు అతికించడం. సెంట్రింగ్ ఖర్చు పెరుగుతుంది, వాలు మీద కాంక్రీటు జారుతుంది కాబట్టి పని నాణ్యతపై అనుమానం ఉంటుంది, పెంకుకూ స్లాబుకూ మధ్య గాలి ఉండదు కాబట్టి వేడి అంతగా తగ్గదు. డాబా పోతుంది, పెంకుటింటి చల్లదనం రాదు. ఇక్కడ చెప్పే రకాలన్నిటిలో నేను గట్టిగా వద్దనేది ఇదే.

రెండోది అసలైన పెంకు కప్పు. ఇనుప లేదా కలప చట్రం, కింద పలకల కప్పు, మధ్య గాలి, పైన పెంకు. మనం బెంగుళూరు పెంకు అని పిలుచుకునే పలక పెంకు, మంగళూరులో బాసెల్ మిషన్ 1865లో పెట్టిన కర్మాగారంతో దక్షిణాదిన వ్యాపించింది. అంతకు ముందు ఊళ్లలో ఉన్నది కుమ్మరి చేసిన గూన పెంకు. అంటే ఇవాళ మనం తరతరాల సంప్రదాయం అనుకునేది కూడా ఒకప్పుడు కొత్త సరుకే. ఇది ఇచ్చే చల్లదనం నిజమైనది. దీని శత్రువు కోతి. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ కోతుల మంద తిరిగే ఊళ్లలో పెంకు నిలవడం కష్టం. తీరంలోనైతే గాలికి లేచిపోకుండా ప్రతి పెంకునూ తీగతో కట్టించాలి. పైన అంతస్తు ఎప్పటికీ వద్దనుకున్నవాళ్లకు, ఊరి అంచున పెద్ద స్థలం ఉన్నవాళ్లకు ఇది చక్కటి ఎంపిక.

## పూత లేని ఎర్ర ఇటుక

బ్రిటన్‌లో పుట్టిన వాస్తుశిల్పి లారీ బేకర్ తిరువనంతపురంలో స్థిరపడి పేరు తెచ్చిన పద్ధతి ఇది. ఇటుకలను పక్కకు నిలబెట్టి మధ్య ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ కట్టుబడితో ఇటుకల్లో సుమారు పావు వంతు ఆదా అవుతుంది, గోడలోని ఖాళీ వేడిని ఆపుతుంది. స్లాబులో కింది వైపు కాంక్రీటు ఎలాగూ లాగుడును మోయదు, ఇనుమే మోస్తుంది. అక్కడ పాత పెంకులు నింపితే కాంక్రీటు తగ్గుతుంది, లోపలి నుంచి చూడటానికి అందంగానూ ఉంటుంది. పూత లేదు, రంగు లేదు, పుట్టీ లేదు. లెక్కల్లో ఇదే చవక.

లెక్క తప్పేది మనుషుల దగ్గర. మన తాపీ మేస్త్రీ గోడ వంకరను పూతలో దాచుకోవడం అలవాటైనవాడు. పూత లేని గోడలో ప్రతి వరుసా బయటపడుతుంది. ఇటుకలన్నీ ఒకే కొలతలో, అంచులు విరగకుండా ఉండాలి. అలాంటివి ఏరి తెస్తే చవక కొంత కరుగుతుంది. కరెంటు గొట్టాలు గోడ లేచేటప్పుడే లోపల పోవాలి, తర్వాత గాడి కొట్టడం కుదరదు. ఉప్పుగాలి ఉన్న తీరంలో ఇటుక మీద తెల్లని ఉప్పు పేరుకుంటుంది. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది, అక్కడ గోడల మీదే కప్పును నిలిపితే పగుళ్లు తప్పవు. అలాంటి నేలలో స్తంభాల చట్రం వేసి మధ్యలో మాత్రమే ఇటుక నింపాలి.

గృహప్రవేశానికి వచ్చిన బంధువులు "ప్లాస్టరింగ్ ఇంకా అవలేదా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నవ్వగలిగిన కుటుంబానికి ఇది దొరుకుతున్న ఇళ్లలోకెల్లా మేలైనది. నవ్వలేనివాళ్లు లోపల పూత వేయించి, బయట ఇటుక వదిలేస్తే రెండు విధాలా సరిపోతుంది.

## రాతి గోడలు, మిద్దె

సీమలో, పాత కర్నూలు, కడప ఊళ్లలో అడుగున్నర మందం రాతిగోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. పొడి ఎండకు వాటిని మించింది లేదు. కానీ 200 గజాల్లో లెక్క వేయండి. ఇంటి చుట్టుకొలత 150 అడుగులు. గోడ తొమ్మిదంగుళాల నుంచి పద్దెనిమిదికి పెరిగితే 112 చదరపు అడుగులు గోడలకే పోతాయి. పదీ పదకొండు అడుగుల గది అన్నమాట. కాబట్టి పడమటి గోడ ఒక్కటే రాతితో కట్టించండి. ఖర్చు తక్కువ, ఫలితం దాదాపు మొత్తం. చవుడు మిద్దెను కొత్తగా వేయమని మాత్రం చెప్పను. ఏటా మట్టి సర్దేవాళ్లు ఇప్పుడు దొరకరు.

రాయి సులువుగా అమరేది నేలకు. తాండూరు, బేతంచెర్ల, కడప బండలు ఏ ప్రాంతం వాళ్లకైనా దగ్గర్లోనే దొరుకుతాయి. చల్లగా ఉంటాయి, మెరుగు పెట్టించకపోతే తడిలో జారవు. సున్నపురాయి కాబట్టి నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మచ్చ పడుతుంది, అందుకే వంటింటి గట్టుకు అంతగా నప్పవు. మన ఇళ్లలో అలమర అరలన్నీ కడప బండలే, తలుపు వెనక దాక్కుని ఉంటాయి. దాన్ని హాలులోకి తేవడానికి మాత్రం ఎందుకో వెనకాడతాం.

## ఒకచోట పెట్టి చూస్తే

| ఎంపిక | ఎండకు | వానకు, గాలికి | పైన అంతస్తు | ఏటా పని | నియమాలతో చిక్కు |
|---|---|---|---|---|---|
| డాబా, ఎలివేషన్ | బాగా వేడి | గట్టిది, గాజు తప్ప | సులువు | తక్కువ | లేదు |
| డాబా, పైన నీడ | ఓ మోస్తరు చల్లన | చట్రం గట్టిగా బిగించాలి | తర్వాత విప్పి వేయవచ్చు | తక్కువ | అడిగి వేయాలి |
| పక్క మండువా | చల్లన, గాలి | నీటి దారి కీలకం | వేయవచ్చు, వెలుతురు తగ్గుతుంది | మధ్యరకం | లేదు |
| ఏటవాలు స్లాబు, అతికించిన పెంకు | వేడి | వానకు మంచిది | కుదరదు | తక్కువ | లేదు |
| అసలు పెంకు కప్పు | చల్లన | తీరంలో కట్టు తప్పనిసరి | కుదరదు | ఎక్కువ | లేదు |
| పూత లేని ఇటుక | చల్లన | తీరంలో ఉప్పు | నేలను బట్టి | చాలా తక్కువ | లేదు |
| రాతిగోడ | పొడి ఊళ్లలో చాలా చల్లన | గట్టిది | వేయవచ్చు | తక్కువ | లేదు, కానీ చోటు తింటుంది |

## ఎవరికి ఏది

కింద మీరు, పైన అద్దె వాటా అనుకుంటే డాబా తప్ప మరోటి ఆలోచించకండి. కానీ పై వాటా వాళ్ల కోసమైనా స్లాబుకు నీడ వేయించండి. వేసవిలో ఖాళీ చేసి పోకుండా ఉంటారు.

పిల్లలు దూరంగా ఉండి, పెద్దవాళ్లిద్దరే ఉండబోయే ఇంటికి ఒకే అంతస్తు, పక్క మండువా, బండల నేల. పెంకు వద్దు. మెట్లు వద్దు. ఆ ఇద్దరూ రోజంతా గడిపేది వంటింటికీ వసారాకూ మధ్యే కాబట్టి తెరపి అక్కడే రావాలి.

సీమలోనో, తెలంగాణ పొడి జిల్లాల్లోనో ఉన్నవాళ్లకు పడమటి రాతిగోడ, చిన్న కిటికీలు, చలువ కప్పు. కోస్తాలో ఉన్నవాళ్లకు దానికి వ్యతిరేకం. గోడలు పలచనైనా ఫర్వాలేదు, కిటికీలు పెద్దవి, ఎదురెదురు, వాటి మీద రెండున్నర అడుగుల సజ్జ.

చేతిలో డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ ఉన్నవాళ్లకు ఎర్ర ఇటుక. కాకపోతే పని మొదలుపెట్టే ముందు మేస్త్రీ చేత మూడడుగుల నమూనా గోడ కట్టించి చూసుకోండి. ఆ గోడ నచ్చితే ఇల్లు అప్పగించండి, నచ్చకపోతే కూలి ఇచ్చి నమస్కారం పెట్టండి.

ఏది కట్టినా అరుగు ఒకటి వదలకండి. ప్రహరీ లోపల కాదు, గేటు పక్కన, వీధి వైపు, మీ హద్దులోనే. ఒకటిన్నర అడుగుల ఎత్తు, ఒకటిన్నర వెడల్పు, ఆరడుగుల పొడవు, పైన ఒక తాండూరు బండ. పాత తెలుగు ఇల్లు వీధిలో పోయేవాడికి ఇచ్చిన చోటు అది. ఏ ఎలివేషన్ కంటే చవక. పాలవాడు, ఎండలో నడిచొచ్చిన కొరియర్ కుర్రాడు, సాయంత్రం పక్కింటి పెద్దాయన, ఎవరైనా కూర్చుంటారు. కొందరు ఇంటివాళ్లు ఇదే కారణంతో వద్దంటారు, అది వాళ్ల ఇష్టం.

ఇక స్లాబు పోసే ముందు రోజు సెంట్రింగ్ మీదికి మీరే ఎక్కి మూడు చూసుకోండి. సజ్జల అడుగున అంచుకు రెండంగుళాల లోపల అర అంగుళం గాడి కోసం బద్ద పెట్టారా? అది లేకపోతే వాన నీళ్లు సజ్జ కింద నుంచి గోడ మీదికి పాకి రెండో ఏటికే నల్ల చారలు కడతాయి. డాబా నీళ్ల గొట్టాలు రెండు ఉన్నాయా, వాలు వాటి వైపే ఉందా? పైన నీడ చట్రం నిలబెట్టడానికి ఇనుప పలకలు కాంక్రీటులోనే పాతేలా ఏర్పాటు చేశారా? ఈ మూడూ ఆ రోజు అయితే నామమాత్రపు ఖర్చు. తర్వాత చేయించాలంటే గోడ పగలగొట్టాలి.